శని, ఆదివారాల్లో పాత అమరావతి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఉంటామని తెలిస్తే చాలు, హైదరాబాద్ చుట్టాల దగ్గర్నుంచి బెజవాడ స్నేహితుల దాకా అందరూ ఫోన్ చేసి అమరావతి గురించే అడుగుతారు. ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే. ఎంత దూరం, ఎక్కడ ఉండాలి, అక్కడ చూడ్డానికి ఏముంది? అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీ సందేహం ఏదైతే నేరుగా దాని దగ్గరికే వెళ్లండి, మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు.

## బయల్దేరే ముందు

రాజధాని అమరావతి, ఈ అమరావతి ఒకటేనా?

కాదు. శివుడి గుడి, బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నది పాత ఊళ్లో. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రాజధానికి ఈ ఊరి పేరు పెట్టారు, అంతే. సచివాలయం వెలగపూడిలో ఉంది, హైకోర్టు నేలపాడులో ఉంది. పాత ఊరు వాటికి పడమరగా, కృష్ణ ఒడ్డునే ఇంకా పైకి వెళ్తే వస్తుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పల్నాడు జిల్లాలో చేరింది. ఫోన్ మ్యాపులో ఉత్త 'అమరావతి' అని కొడితే ఏ రాజధాని సీడ్ యాక్సెస్ రోడ్డు మధ్యలోనో తెచ్చి నిలబెడుతుంది. 'అమరేశ్వరస్వామి ఆలయం' అని కొట్టండి.

పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు కదా, రెండు రోజులు ఎందుకు?

వచ్చేయొచ్చు. చాలామంది చేసేది అదే. పదకొండింటికి దిగుతారు, గుళ్లో లైన్లో నిలబడతారు, బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది. ధ్యానబుద్ధుడి పెద్ద విగ్రహం ముందు సెల్ఫీ దిగి, మ్యూజియం ముందు నుంచే బండి తిప్పేస్తారు. ఇంటికొచ్చి "అక్కడేముందండీ, ఒక గుడి, ఒక బొమ్మ" అంటారు. తప్పు ఊరిది కాదు, టైముది. సాయంత్రం ఐదు దాటాక, తెల్లవారుజామున ఊరు వేరేగా ఉంటుంది. కార్లు, టూరిస్టు బస్సులు వెళ్లిపోతాయి, రేవులో గాలి తగులుతుంది, గుళ్లో పూజారి నిలబడి రెండు ముక్కలు చెప్పేంత తీరికగా ఉంటాడు. ఒక్క రాత్రి ఉంటే ఇదంతా దొరుకుతుంది. శనివారం మధ్యాహ్నానికి చేరి ఆదివారం మధ్యాహ్నానికి బయల్దేరితే చాలు, సెలవు కూడా పెట్టక్కర్లేదు.

శుక్రవారం సెలవు పెట్టి వెళ్తే జనం తక్కువ ఉంటారు కదా?

ఉంటారు. కానీ శుక్రవారం మ్యూజియానికి సెలవు. పురావస్తు శాఖ వాళ్ల సైట్ మ్యూజియాలు చాలావాటికి ఆరోజే సెలవు. దూరం నుంచి వచ్చి తాళం చూసి వెనక్కి పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మేలో వద్దు. గుంటూరు ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, నలభై దాటడం మామూలే. స్తూపం దగ్గర పెద్దగా నీడ ఉండదు, గుళ్లో చెప్పుల్లేకుండా రాతి మీద నడవాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పైన పులిచింతల నుంచి నీళ్లు వదిలితే కృష్ణ చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ రేవులోకి దిగనివ్వరు.

కార్తీక మాసంలో వెళ్లాలనుకుంటున్నాం, రద్దీ ఎలా ఉంటుంది?

సోమవారాలు, పౌర్ణమి అయితే ఊరంతా కిటకిటలాడుతుంది. పంచారామాలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేలా ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఈ ఐదూ అన్నమాట. దీపం పెట్టుకోవాలి, మొక్కు ఉంది అనుకుంటే ఆ రద్దీలోనే వెళ్లండి, దానికి ఉండే కళ దానికుంది. ఊరు చూద్దామనుకుంటే మాత్రం అది టైము కాదు. మహాశివరాత్రికీ అంతే.

ఉండడానికి మంచి హోటళ్లు ఉన్నాయా?

స్టార్ హోటల్ ఊహించుకుని వస్తే నిరాశే. సత్రాలు, చిన్న లాడ్జీలు ఉన్నాయి. గది, ఫ్యాను లేదా ఏసీ, వేడినీళ్లు ఉంటే అదే పదివేలు. శనివారం రాత్రికి ముందే ఫోన్ చేసి, గది పై అంతస్తులోనా కిందనా, వేడినీళ్లు వస్తాయా అని అడిగి పెట్టుకోండి. శుభ్రత విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ఒక దుప్పటి వెంట తెచ్చుకుంటే టెన్షన్ ఉండదు. ఇంట్లో వాళ్లు ససేమిరా అంటే గుంటూరులో గది తీసుకుని, ఆదివారం తెల్లవారగానే బయల్దేరడం రెండో మార్గం.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. మ్యూజియం, స్తూపం దగ్గర పెద్దగా ఎక్కేది లేదు. గుడి మాత్రం చిన్న గుట్ట మీద ఉంది, క్రౌంచగిరి అంటారు, కాబట్టి మెట్లు తప్పవు. పొద్దున్నే జనం లేనప్పుడు నెమ్మదిగా ఎక్కించండి. ఎండ ముదిరాక వద్దు. సాక్సులు వేసుకెళ్తే రాయి కాలదు.

## దారి, ప్రయాణం

గుంటూరు నుంచి దగ్గరా, విజయవాడ నుంచి దగ్గరా?

గుంటూరు నుంచి 35 కిలోమీటర్ల లోపు. విజయవాడ నుంచి సుమారు 40. రెండు బస్టాండ్ల నుంచీ ఆర్టీసీ బస్సులున్నాయి. గుంటూరు నుంచి లాం మీదుగా వెళ్లే దారి నాకు ఇష్టం, పొలాల మధ్య నుంచి పోతుంది. విజయవాడ వాళ్లు ప్రకాశం బ్యారేజి దాటి ఉండవల్లి, తుళ్లూరు వైపుగా వెళ్తారు. ఆ దారిలో రాజధాని పనుల లారీలు తిరుగుతుంటాయి, బైకు మీద వెళ్లేవాళ్లు చీకటి పడకముందే చేరుకోండి.

రైల్లో వెళ్లొచ్చా?

ఇప్పటికి లేదు. గుంటూరులోనో విజయవాడలోనో దిగి బస్సు ఎక్కాలి. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు కేంద్ర కేబినెట్ 2024 అక్టోబరులో ఆమోదం తెలిపింది. అందులో కృష్ణ మీద పెద్ద వంతెన కూడా ఉంది. అది పూర్తయ్యాక ఈ జవాబు మార్చి రాస్తాను.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా, ఈ రూట్లోనూ ఉందా?

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. రాష్ట్రం చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. హైదరాబాద్ చిరునామా ఉన్న వదినగారికి టికెట్ కొనాల్సిందే, కండక్టరుతో వాదన వద్దు.

కారులో వెళ్తే దారిలో ఆగి చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

విజయవాడ నుంచి వస్తుంటే ఉండవల్లి గుహలు. కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలిచారు, లోపల అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. గంట చాలు.

గుంటూరు వైపు నుంచి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో వస్తే మిర్చి కల్లాలు కనిపిస్తాయి. పొలం పక్కన ఎకరాలకి ఎకరాలు ఎర్రగా పరిచి ఉంటుంది. ఆడవాళ్లు తలకు, ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలు కాయ ఏరుతుంటారు. తెల్లగా పాలిపోయిన కాయ ఒక కుప్ప, నిగనిగలాడే ఎర్రకాయ ఇంకో కుప్ప. ఫొటో తీసుకోవాలంటే దిగి అడగండి, ఎవరూ కాదనరు. కారు అద్దం దించే ముందు ఆలోచించండి, ఆ ఘాటుకు పిల్లలు తుమ్మి తుమ్మి ఏడుస్తారు.

## ఊళ్లో దిగాక

ముందు ఏది చూడాలి?

మ్యూజియం, దాని తర్వాత స్తూపం. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. మ్యూజియం సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, కాబట్టి శనివారం భోజనం అవగానే వెళ్లండి. అక్కడి నుంచి స్తూపం నడిచి వెళ్లేంత దూరం. చీకటి పడే ముందు ధ్యానబుద్ధుడి దగ్గరికి, ఆదివారం పొద్దున్నే రేవుకు, గుడికి. ఈ వరస తిప్పేస్తే స్తూపం చూసి పెదవి విరుస్తారు.

స్తూపం అని వెళ్తే మట్టిదిబ్బలా ఉందే, ఇంతేనా?

ఇప్పుడు మిగిలింది అంతే. ఒకప్పుడు అండం, అంటే గుండ్రటి గుమ్మటం, వ్యాసమే దాదాపు 50 మీటర్లు ఉండేది. చుట్టూ మనిషిని మించిన ఎత్తులో రాతి ప్రాకారం, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు ఉండేవి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటికే ఇక్కడ స్తూపం ఉందని, శాతవాహనుల కాలంలో అది పూర్తి వైభవానికి వచ్చిందని చెబుతారు. తర్వాత కాలంలో మట్టి కప్పేసి దిబ్బ అయిపోతే ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు.

అక్కడికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. గుండ్రంగా ఉన్న అంచు వెంబడి ఒక పూర్తి చుట్టు నడవండి. ఫొటోలో చిన్నదిగా కనిపించే దిబ్బ నడుస్తుంటే తరగదు. ఎంత పెద్ద కట్టడమో కాళ్లకు తెలుస్తుంది.

మరి ఆ శిల్పాలన్నీ ఏమయ్యాయి?

ఎక్కువగా మూడు చోట్లకు చెదిరిపోయాయి. 18వ శతాబ్దం చివర్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని ఇక్కడికి మార్చుకున్నాడు. కొత్త ఊరు కట్టుకోవడానికి రాళ్లు, ఇటుకలు కావాలి, దిబ్బ తవ్వితే దొరికాయి. ఆ సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఇప్పుడు లేని చాలా ఫలకాలు ఎలా ఉండేవో ఆ బొమ్మల వల్లే తెలుస్తోంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్లాయి, వాటిలో చాలావరకు అక్కడి నుంచి లండన్ ఓడ ఎక్కాయి. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మదమెక్కిన నలగిరి ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లే ప్రసిద్ధమైన గుండ్రటి ఫలకం అక్కడే ఉంది. మిగిలింది ఊళ్లో మ్యూజియంలో ఉంది.

ఒక్క జమీందారునే నిందించడం నాకు నచ్చదు. ఆయన రాళ్లు గోడల్లోకి పోయాయి, దొరలవి ఓడల్లోకి పోయాయి. రెండువైపులా నష్టపోయింది ఈ ఊరే. ఇక, వాటిని ఇంగ్లిషువాళ్లు పాలరాళ్లు అని రాసినా, అది పలనాటి సున్నపురాయి.

మ్యూజియంలో ఏం చూడాలో తెలీదు, అన్నీ విరిగిన రాళ్లలా ఉంటాయి కదా?

గైడు కోసం వెతక్కండి, మూడు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదట బుద్ధుడి కోసం వెతకండి. పాత ఫలకాల్లో మనిషి రూపం కనిపించదు. జనమంతా చేతులు జోడించి ఒక ఖాళీ సింహాసనానికో, బోధివృక్షానికో, పాదముద్రలకో మొక్కుతుంటారు. ఆయన అక్కడ ఉన్నట్టే లెక్క. తర్వాతి కాలం ఫలకాల్లో నిండు విగ్రహం వచ్చేస్తుంది. ఈ తేడా పట్టుకుంటే ఏది ముందుదో ఏది వెనుకదో మీకే తెలిసిపోతుంది, పదేళ్ల పిల్లలు కూడా ఇది ఆటలా ఆడతారు.

రెండోది పద్మాలు. ప్రాకార స్తంభాల మీద మధ్యలో నిండు పద్మం, పైనా కిందా సగం పద్మాలు ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూస్తే రేకుల వరసలు ఒకదానికొకటి ఎదురుగా మడిచి ఉంటాయి. పై దూలాల మీద లావుపాటి పూలదండను మోస్తూ మనుషులు వరసగా నడుస్తుంటారు, ఆ బరువుకు ఒక్కొక్కరి నడుం ఒక్కో తీరుగా ఒంగి ఉంటుంది.

మూడోది పూర్ణఘటం. 2018లో తీసుకున్న మన రాష్ట్ర అధికార చిహ్నం మధ్యలో ఉండే కుండ ఈ అమరావతి శిల్పం నుంచే వచ్చింది. ప్రభుత్వ కాగితాల మీద రోజూ చూసేదే.

ఆవరణలో మహాచైత్యం, అంటే ఆ పాత స్తూపం, నమూనా ఉంది. అక్కడ ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత అసలు చోటుకు వెళ్లండి.

గుడి ఎన్నింటికి తెరుస్తారు?

తెల్లవారగానే. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసేసి సాయంత్రం మళ్లీ తెరుస్తారు. పండగల్లో వేళలు మారతాయి. పద్ధతిగా బట్టలు వేసుకుంటే చాలు. అర్చన టికెట్లకు, హారతి పళ్లేనికి చిల్లర దగ్గర పెట్టుకోండి, ఫోన్ సిగ్నల్ మీద భారం వేయొద్దు.

లింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుందట, నిజమేనా?

నిజమే. తెల్లటి లింగం, సుమారు 15 అడుగులు. పూజారులు పై అంతస్తులో నిలబడి అభిషేకం చేస్తారు. తారకాసురుడి మెడలోని లింగాన్ని కుమారస్వామి ఐదు ముక్కలు చేస్తే ఒకటి ఇంద్రుడు ఇక్కడ ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అది పెరుగుతూ పోతుంటే తల మీద మేకు కొట్టారని, అప్పుడు కారిన నెత్తుటి చారే ఆ ఎర్రటి మచ్చ అని చెబుతారు.

లోపల శాసనాలు కూడా చూడండి. కొండవీడు గెలిచాక 1515లో కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి తన బరువుకు సరితూగే బంగారం ఇచ్చే తులాపురుష దానం చేశాడు. అమ్మవారు బాలచాముండిక. ఈ గుడిని బాగు చేయించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి విగ్రహం కూడా ఇక్కడే ఉంది.

ధ్యానబుద్ధుడి దగ్గర ఎంతసేపు పడుతుంది?

గంట. 125 అడుగుల విగ్రహం, నది పక్కనే కూర్చుని ఉంటుంది. ఇది పాతది కాదు, మన కాలంలో కట్టిందే. దలైలామా 2006 జనవరిలో ఇక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం నిర్వహించినప్పటి నుంచి దేశదేశాల బౌద్ధుల రాకపోకలు పెరిగాయి. ఐదింటి తర్వాత వెళ్తే మెట్లు చల్లబడి ఉంటాయి, పిల్లలు పరుగులు పెట్టుకోవచ్చు.

కృష్ణలో స్నానం చేయొచ్చా? పడవ ఎక్కొచ్చా?

కట్టిన ఘాట్లో, మెట్ల మీద, మోకాలి లోతులో మునిగితే మునగండి. ఈత వచ్చని లోపలికి వెళ్లొద్దు. ఇసుక గోతులు పైకి కనిపించవు, ఒక అడుగు నేల, రెండో అడుగు ఏమీ ఉండదు.

లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మంది పైగా పోయారు. అదీ ఇదే నది, కార్తీకంలో సరదాగా వచ్చిన జనమే. పడవవాడు "ఏం కాదు సార్, రోజూ తిప్పుతున్నాం" అంటాడు. నవ్వి, నమస్కారం పెట్టి వచ్చేయండి.

ధరణికోట వెళ్లాలా?

చరిత్ర మీద మక్కువ ఉంటే వెళ్లండి. పాత ధాన్యకటకం అదే, ఊరిని ఆనుకునే ఉంటుంది. కంటికి కనిపించేది మాత్రం మట్టికోట కట్టలు, పొలాలు, ఇళ్లు. టికెట్ లేదు, బోర్డులు లేవు. పిల్లలకు విసుగు.

## తిండి

భోజనం ఎక్కడ చేయాలి?

గుడి వీధుల్లో, బస్టాండు చుట్టుపక్కల చిన్న హోటళ్లు, మెస్సులు ఉన్నాయి. పొద్దున ఇడ్లీ, అట్టు, పూరీ. మధ్యాహ్నం భోజనం. పన్నెండున్నరకే వెళ్లండి, రెండు దాటితే కూరలు అయిపోయి పప్పు, పచ్చడితో సరిపెడతారు. గోంగూర పచ్చడి ఉంటే అదే చాలనుకోండి, కానీ గుంటూరు కారం అలవాటు లేని పిల్లలకు పెరుగన్నం ముందే చెప్పి పెట్టించండి. రాత్రి త్వరగా కట్టేస్తారు, ఎనిమిదిన్నరకల్లా తినేయండి.

నాన్‌వెజ్ దొరుకుతుందా?

గుడికి దగ్గర్లో వెతక్కండి. కాస్త ఇవతలికి వస్తే దొరుకుతుంది. బిర్యానీ మీద మనసుంటే ఆదివారం మధ్యాహ్నం గుంటూరు చేరాక తినడం మేలు.

## తిరుగు ప్రయాణం

ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలి?

బస్సు వాళ్లయితే పన్నెండు లోపు. సాయంత్రానికి గుంటూరు, విజయవాడ బస్సులు కిక్కిరిసిపోతాయి. చివరి బస్సు ఎన్నింటికో శనివారం దిగగానే స్టాండులోనే అడిగి ఉంచుకోండి, ఆ ఒక్క పని చాలా అవస్థ తప్పిస్తుంది.

అక్కడి గుర్తుగా ఏం కొనుక్కు రావాలి?

ఊళ్లో ప్రత్యేకంగా ఏమీ లేదు, ప్రసాదం తప్ప. గుడి ముందు అమ్మే ప్లాస్టిక్ బొమ్మలు ఎక్కడైనా దొరికేవే. ఎండుమిర్చి కావాలంటే కల్లం దగ్గరే రైతును అడిగి కిలో, రెండు కిలోలు తూయించుకోండి. బేరం ఆడొచ్చు, మరీ గీచి గీచి వద్దు.

విజయవాడ తిరిగి వెళ్తూ ఒక పూట మిగిలితే ఎక్కడ ఆగాలి?

మంగళగిరి. కొండ మీది పానకాలస్వామికి పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా తిరిగి ఇస్తాడని నమ్మకం. కొండ ఎక్కే ఓపిక లేకపోతే కింద లక్ష్మీనరసింహస్వామి గుడి, దాని ఎత్తయిన గాలిగోపురం చూడండి. పక్క వీధుల్లో మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ దొరుకుతాయి. నిజాం అంచు చూపించమని అడగండి, చెయ్యి పెట్టి చూసి, మగ్గం నేతా మిల్లు నేతా అని తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. కొట్టుకు వెళ్తే గంటన్నర తక్కువ పట్టదు, కాబట్టి కొండ ముందు, చీరలు తర్వాత.